అమ్మగారి రొట్టె, అయ్యగారి కుడిచెయ్యి

ఈ నెల మొదటి ఆదివారం మందిరంలో నా చేతిలో ఒక బిళ్ల పెట్టారు. తెల్లగా, పల్చగా, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దది. మీద సిలువ గుర్తు అచ్చువేసి ఉంది. కాకినాడలో ఏదో షాపులో ప్యాకెట్ల లెక్కన దొరుకుతాయట. నోట్లో వేసుకుంటే నమలక్కర్లేదు, తడిసిన అప్పడంలా నాలుకకు అతుక్కుని కరిగిపోతుంది. విరిచే పని కూడా లేదు. ఎవరి బిళ్ల వాళ్లది.

నాకది గొంతు దిగలేదు. పక్కనున్నావిడ పాపం మంచినీళ్ల సీసా అందించింది. నీళ్లతో దిగేది కాదని ఆవిడకెలా చెప్పను? నాకు అమ్మగారు గుర్తొచ్చారు. ఆవిడ చేతి రొట్టె తిని పెరిగినవాళ్లం, ఆఖరికి ఈ కాగితపు బిళ్లలకి వచ్చాం.

బల్లారాధన అంటే తెలియనివాళ్లకోసం ఒక మాట చెప్పాలి. నెలకోసారి ఒకే రొట్టెను విరిచి, సంఘమంతా తలా ఒక ముక్క తిని, గుక్కెడు ద్రాక్షరసం తాగుతాం. ఒకే రొట్టె కావడమే అందులో ముఖ్యం. ఇంట్లోగాని వీధిలోగాని ఎవరితోనైనా పగ ఉంటే ముందు వెళ్లి సర్దుకుని రావాలి. సర్దుకోలేకపోతే ఆ నెల ముక్క ముట్టకూడదు. మిగతాచోట్ల ఎలా ఉంటుందో నాకు తెలియదు, మా దగ్గర మాత్రం ఈ పట్టింపు గట్టిగా ఉండేది. ముక్క తీసుకోకుండా తల దించుకుని కూర్చున్నవాళ్లని చూసి, ఫలానా తోడికోడళ్లకి ఇంకా మాటల్లేవని ఊరందరం తెలుసుకునేవాళ్లం.

పాస్టరుగారిని అయ్యగారనీ, ఆయన భార్యని అమ్మగారనీ పిలవడం మా వైపు అలవాటు. తర్వాత యానాంలో ఎంతమంది పాస్టర్లు వచ్చినా మా వీధిలో ఆ రెండు మాటలూ ఆ ఇద్దరికే చెల్లాయి. రేకుల మందిరం మొదలుపెట్టింది వాళ్లిద్దరే. పునాదిరాయి మీద ఆయన పేరొక్కటే ఉంది. దాని సంగతి తర్వాత చెబుతాను, ఇప్పుడే మొదలుపెడితే నాకు కోపం వస్తుంది.

అయ్యగారు మొదట్లో వలలు బాగుచేసే మనిషి. దరియాలతిప్ప వెళ్లే దారిలో, గోదారి గట్టున, చిరిగిన వలలు ముందేసుకుని కూర్చునేవారు. మా నాన్న వల కూడా ఆయన చేతి మీదుగా చాలాసార్లు వెళ్లింది. వాక్యం చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆయన కుడిచెయ్యి ఆ పని మానలేదు. నోరు ఏం చెబుతున్నా బొటనవేలూ చూపుడువేలూ గాల్లో ముడులు వేస్తూనే ఉండేవి. మంచి మాట పడ్డచోట ముడి బిగించి ఒక్క లాగు లాగేవారు. పిల్లలకి వాక్యం అర్థమయ్యేది కాదు గాని ముడి ఎక్కడ పడిందో తెలిసేది. అక్కడ స్తోత్రం అని అరిచేవాళ్లం. పెద్దవాళ్లు మా భక్తికి మురిసిపోయేవాళ్లు.

ఆ చెయ్యి ఊరందరిదీ. పరీక్షలకు వెళ్లే పిల్లలు, దుబాయి వెళ్లే ఆడవాళ్లు, పురిటికొచ్చిన కూతుళ్లు అందరూ దాని కింద తల వంచి వెళ్లినవాళ్లే. కొత్త ఆటో కొన్నవాళ్లు గుళ్లో కొబ్బరికాయ కొట్టించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తిరిగి వెళుతూ మా సందులోకి తిప్పేవాళ్లు.

"అయ్యగారూ, మీరు కూడా ఓపాలి చెయ్యేసి పంపండి."

ఆయన హ్యాండిల్ మీద చెయ్యేసి చాలాసేపు కళ్లు మూసుకునేవారు. చివర్లో మాత్రం, "నెమ్మదిగా తోలరా. అన్నీ ఆయనే చూసుకోవాలంటే ఆయనకి మాత్రం ఎన్ని కళ్లుంటాయి?" అనేవారు.

తలమీద పడితే ఆ చెయ్యి బరువు. కొబ్బరికాయ ముదిరిందో లేదో చూసే మనిషిలా కాస్త నొక్కి పట్టుకునేవారు. వల దారం వాసన, కొబ్బరినూనె వాసన. గోదారిలో నాకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు మెడ వెనక ఆ చెయ్యే ఉంది. నీళ్లల్లోకి వెళ్లే క్షణంలో నాకు దేవుడు గుర్తులేడు, ఈ చెయ్యి వదలదులే అన్న ధైర్యం ఒక్కటే ఉంది. నా విశ్వాసమంతా ఇప్పటికీ అంతే కాబోలు.

అమ్మగారు అడవిపొలంలో ఊడ్పులకీ కోతలకీ వెళ్లి పెరిగిన మనిషి. చదువు రాదు. సన్నగా, నల్లగా, తెల్లచీరలో నిటారుగా ఉండేవారు. ఆవిడ ప్రార్థన చేస్తానని ఎప్పుడూ అనగా వినలేదు. "అడుగుతాను" అనేవారు, అంతే. అడగడం కూడా కోటా బియ్యం కొట్టువాడిని నిలదీసినట్టుండేది.

"మొన్న చెప్పాను గదా ఆ పిల్ల సంగతి. ఇంకా జొరం తగ్గలేదు. ఏం చేత్తున్నావు నువ్వు?"

వంటింట్లో ఒక్కరే ఉండి ఇలా గొడవ పడుతుంటే, కొత్తగా వచ్చినవాళ్లు అయ్యగారిని తిడుతున్నారనుకునేవాళ్లు. మర్నాడు ఎవరైనా ఏమైందమ్మగారూ అని అడిగితే ఒకటే జవాబు.

"అడిగాను. ఇంకా పలకలేదు."

బట్టలు ఉతికాను ఇంకా ఆరలేదు అన్నంత మామూలుగా అనేవారు. పలుకుతాడా లేదా అన్న అనుమానం ఆ గొంతులో ఉండేది కాదు.

మా ఊళ్లో బ్రాందీ షాపులకి కొదవలేదని చుట్టుపక్కల ఆంధ్రా ఊళ్లన్నిటికీ తెలుసు. సాయంత్రమయ్యేసరికి అమ్మగారు ఒక షాపుకి ఎదురుగా వెళ్లి నిలబడేవారు. పాట లేదు, ప్రసంగం లేదు. చేతిలో కంజిర ఉండేది గాని వాయించేవారు కాదు. లోపలికి వెళ్లేవాళ్లని ఊరికే చూసేవారు. తెలిసినవాడైతే "ఏరా, అన్నం తిన్నావా?" అని అడిగేవారు. అడిగించుకున్నవాడు ఆ రోజుకి తాగలేకపోయేవాడు. ఓ రోజు షాపాయనే స్టూలు పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"కూచోండమ్మగారూ. మీరట్టా నిలబడితే నాకే కాళ్లు పీకుతున్నాయండి."

"ఆయ్, సంతోషం నాయనా" అని కూర్చుని, ఆయన్ని కూడా అన్నం తిన్నావా అని అడిగారట. మా సంఘంలో సగం కుటుంబాలు ఆ స్టూలు ముందునుంచి వచ్చినవే. మందిరం కట్టింది ఆయన నోరూ, ఈవిడ కాళ్లూ. కానీ ఆవిడ ఏనాడూ వాక్యం చెప్పే పుల్పిట్ ఎక్కలేదు, ఎవరి తలమీదా చెయ్యి పెట్టలేదు. ఆడవాళ్లు అభిషేకించకూడదని మా పద్ధతి. పునాదిరాయి మీద ఆవిడ పేరు లేకపోవడం కూడా ఆ పద్ధతిలోదే. రాసినవాళ్లకి తట్టనూ లేదు, ఆవిడ అడగనూ లేదు.

ఆవిడకి మిగిలిన పెద్ద పని రొట్టె. గోధుమలు కడిగి ఆరబెట్టి విడిగా మర పట్టించేవారు. ఉప్పు లేదు, నూనె లేదు, పులవనిచ్చే పని అసలే లేదు. దాని పెనం వేరు, దానిమీద ఇంకేమీ కాల్చేవారు కాదు. శనివారం పొద్దుగూకే వేళ పిండి కలపడం మొదలుపెడితే ఆవిడతో ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు, నేను తప్ప. స్కూలు నుంచి వస్తూ ఆ వంటింటి గుమ్మంలో కూర్చోవడం నాకు అలవాటు. నేను టీచర్నయ్యాకా ఆ అలవాటు పోలేదు. కంచమంత వెడల్పు రొట్టె, అక్కడక్కడ మాడిన మచ్చలతో. నమలాలి. దవడ నొప్పి పుట్టేదాకా నమలాలి. "ఊరికే కరిగిపోతే ఏం జ్ఞాపకముంటాదమ్మా?" అనేవారు.

వాళ్లకి ఇద్దరు కొడుకులు. పెద్దబ్బాయి గవర్నమెంటాఫీసులో గుమాస్తా. సాయంత్రాలు తండ్రి వెంట ఇళ్లకు తిరిగి, బెంచీలు వేసి, మైకు సర్ది, వర్షమొస్తే రేకుల మీద టార్పాలిన్ కప్పిన మనిషి. మాట తక్కువ. చిన్నబ్బాయిది తండ్రి గొంతు. వాడు పాట ఎత్తుకుంటే రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగేవాళ్లు. వాడు వేరే పని పెట్టుకోకుండా మందిరం పరిచర్యలోనే ఉండిపోయాడు. "చిన్నోడి గొంతు అచ్చం వాళ్ల నాన్నదే" అని అమ్మగారు మురిసిపోయి నలుగురిలో అనేవారు. తల్లులు ఇలాంటివి ఆలోచించి అనరు. పెద్దకొడుకులు మాత్రం ఆలోచించే వింటారు.

తర్వాత అయ్యగారికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కుడివైపు పడిపోయింది. ముడులు వేసిన ఆ చెయ్యి ఒళ్లో తువ్వాలు ముక్కలా పడి ఉండేది. అమ్మగారు రోజూ నువ్వులనూనె వెచ్చచేసి భుజం నుంచి వేళ్లదాకా రాసేవారు. ఒక్కొక్క వేలూ లాగి, "కదుపు, నేను చూత్తున్నాను, కదుపు" అనేవారు. ఆయన కళ్లల్లో నీళ్లు కారేవి. వేలు కదిలేది కాదు.

ఇక ఎక్కువ కాలం లేదని తెలిసి, ఆయన బతికుండగానే కొడుకులిద్దరికీ పాస్టర్లుగా అభిషేకం జరిపించాలనుకున్నారు. ఇద్దరి తలల మీదా ఆయన చేతులుంచాలి, ఇద్దరూ కలిసి మందిరం నడపాలి. అది అమ్మగారి ఆలోచనే. బయటి ఊళ్లనుంచి పెద్ద పాస్టర్లు వచ్చారు. మందిరం కిటకిటలాడింది. అయ్యగారిని కుర్చీలో తెచ్చి కూర్చోబెట్టారు. కొడుకులు మోకాళ్లూనడానికి వచ్చినప్పుడు అమ్మగారు ముందు వరసలోంచి లేచి పెద్దబ్బాయి భుజం పట్టుకున్నారు.

"పెద్దోడా, నువ్వు కుడేపు ఉండు. చిన్నోడా, నువ్విటు."

పెద్దకొడుకు స్థానం కుడివైపు. అది అందరికీ సబబుగానే తోచింది. మాలో ఒక్కరికైనా బుర్ర పనిచేస్తే ఆపేవాళ్లం.

ప్రార్థన మొదలైంది. అయ్యగారు ఎడమచెయ్యి లేపారు. అది చిన్నబ్బాయి తలమీద పడింది. కుడిచెయ్యి ఒళ్లోనే ఉంది. పెద్దబ్బాయి తల వంచుకుని కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ వంచిన మెడ నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అయ్యగారు ఆ, ఆ, అని ఏదో శబ్దం చేస్తూ ముందు వరస వైపు చూశారు. ఎవరూ ముందుకు రాలేదు. పాస్టర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతలో వెనకనుంచి ఎవరో, పరిశుద్ధాత్మ చిన్నవాణ్ణి ఎన్నుకుందని కేక వేశారు. అంతే, మందిరమంతా స్తోత్రాలతో మోగిపోయింది. చివర్లో, బయటి ఊళ్లనుంచి వచ్చిన పాస్టర్లు తమ చేతులే పెద్దబ్బాయి తలమీద పెట్టి ప్రార్థించారు. బంతి లేచాక మిగిలింది వడ్డించినట్టయింది అతనికి. కళ్లు తెరిచి నేరుగా తల్లి వైపు చూశాడు.

అయ్యగారు పోయిన కొద్దినెలలకే సంఘం రెండయింది. పెద్దబ్బాయి రేకుల మందిరంలోనే ఉన్నాడు. చిన్నబ్బాయి అడవిపొలం వైపు స్లాబు మందిరం కట్టాడు. నేను చేసేనా ఏంటి, నాన్న చెయ్యి నామీద పడితే తీసెయ్యమంటారా అన్నాడు చిన్నబ్బాయి. అదీ నిజమే. నేను మాత్రం ఇంటికి దగ్గరని రేకుల మందిరంలోనే ఉండిపోయాను. అంతకన్నా గొప్ప కారణం ఏమీ లేదు.

అమ్మగారు మందిరం వెనక గదిలోనే ఉన్నారు. శనివారం ఒకే ముద్ద కలిపి, రెండు భాగాలు చేసి, రెండు రొట్టెలు కాల్చేవారు. ఆదివారం పొద్దున్నే చిన్నబ్బాయి స్కూటర్ మీద వచ్చి గేటు బయట ఆగి హారన్ ఒక్కసారి కొట్టేవాడు. అన్న ఉన్న ఇంట్లోకి రాడు. ఆవిడ రొట్టెను తెల్లగుడ్డలో చుట్టి గేటుదాకా తీసుకెళ్లి ఇచ్చేవారు. "లోపలికొచ్చి కాఫీ తాగెల్లరా" అనేవారు. "టైమైపోద్దమ్మా" అని వాడు వెళ్లిపోయేవాడు. ప్రతి నెలా అదే మాట, అదే జవాబు.

ఆవిడ మాత్రం ముక్క ముట్టుకోవడం మానేశారు. పళ్లెం దగ్గరికొస్తే తల దించుకుని పక్కవాళ్లకి జరిపేవారు. తన చేత్తో కాల్చిన రొట్టె. మొదట్లో ఎవరూ గమనించలేదు. తర్వాత గుసగుసలు మొదలయ్యాయి. అమ్మగారికి ఎవరితో పగ? ఏదో దాచిన పాపం ఉండబట్టే గదా? స్త్రీల కూడికలో ఒకావిడ లేచి, అమ్మగారూ, ఒప్పేసుకుంటే బరువు దిగిపోద్ది అని సలహా ఇచ్చింది. ఆ సలహా ఇచ్చినావిడ మొగుడు ఆ స్టూలు ముందునుంచి ఇంటికి తిరిగొచ్చినవాడే. నాకు ఒళ్లు మండింది. అమ్మగారు మాత్రం "ఆయ్, అలాగేనమ్మా" అని కూర్చున్నారు.

ఆ వారమే వంటింటి గుమ్మంలో కూర్చుని అడిగాను. ఎన్నాళ్లిలా, మీ కొడుకులు కొట్టుకుంటే మీరెందుకు మానాలి అని గట్టిగానే అన్నాను. ఆవిడ పిండి కలుపుతున్న చేతులు ఆపేశారు.

"పగ నా కడుపులోంచే గదమ్మా పుట్టింది. నేను సర్దకుండా ఎలా ముడతాను?"

"మీరేం చేశారండి?"

"కుడేపు కూచోమన్నాను. ఆయన కుడిచెయ్యి పడిపోయిందని నాకు గుర్తు లేదు టీచరమ్మా."

మిగతాదీ ఆవిడే చెప్పారు.

"రోజూ నూనె రాసేదాన్నే. అయినా నా లెక్కలో ఆ చెయ్యి బతికే ఉంది. ఆయనంటే నాకు ఆ చెయ్యే. పెద్దోణ్ణి గొప్పగా కూచోబెడదామనుకున్నాను. ఎడం చెయ్యి లేచాక తెలిసింది, అయ్యో అని. అప్పుడాయన నాకేసి చూశాడమ్మా. నోరు లేదు గాని నాకు తెలీదా ఆయన చూపు? కుడిచెయ్యి ఎత్తి ఆడి తలమీద పెట్టమన్నాడు. లేచాను కూడా. అంతమంది దైవజనులున్నారు. ఆడదాన్ని, నా చెయ్యి కలిస్తే ఆడికి అభిషేకం చెల్లదంటారేమోనని బయపడ్డాను. కూచుండిపోయాను."

ఆ వంటింట్లో నాకు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. ఎండలో వానలో ఆ రోడ్డు మీద నిలబడి ఒక సంఘాన్ని పోగుచేసిన మనిషి, తన మొగుడి చెయ్యి ఎత్తి తన కొడుకు తలమీద పెట్టడానికి భయపడింది. ఆ భయం నేర్పిందెవరు? మేమే. ఆవిడ రొట్టె తిన్నవాళ్లమే.

"పెద్దబ్బాయికి ఈ మాట చెప్పారా?"

"చెప్పాను. నమ్మలేదు. పైనాయన్ని అడుగుతానే ఉన్నాను, ఆడి మనసు మార్చమని." పిండి వైపు చూసుకుంటూ అన్నారు. "ఇంకా పలకలేదు."

మొదటిసారి ఆ మాటలో అనుమానం వినిపించింది నాకు.

తర్వాతి రోజుల్లో ఆవిడ చిక్కిపోయారు. షుగరు, కిడ్నీలు. ఆసుపత్రిలో కొన్నాళ్లుంచి, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు. మొదటి ఆదివారం వచ్చింది. ఈసారి రొట్టె ఎవరు కాల్చారో, ఎలా కాల్చారో, రెండు మందిరాల్లో బల్ల అయితే జరిగింది. ఆరాధన అవగానే పెద్దబ్బాయి తన బల్లలోంచి ఒక ముక్క తెచ్చాడు. గేటు దగ్గర హారన్ మోగలేదు, కాసేపటికి చిన్నబ్బాయే లోపలికొచ్చాడు, చేతిలో తన బల్లలోంచి ఇంకో ముక్క. మంచానికి ఒకడు అటూ ఒకడు ఇటూ. నేను కాళ్ల దగ్గర ఉన్నాను.

"అమ్మా, నోరు తెరు. ఎన్నేళ్లైంది నువ్వు ముట్టి" అన్నాడు చిన్నబ్బాయి, ఏడుపు గొంతుతో.

ఆవిడ పెదాలు బిగించి తల అడ్డంగా ఊపారు. ఇద్దర్నీ చూశారు.

"ఒక్క రొట్టె తెండి. ఇద్దరూ కలిసి ఒక్క రొట్టె విరవండి. అప్పుడు తింటాను. ఇంకేం అడగను."

ఇద్దరూ సరేనన్నారు. సరేనన్నారు, నా చెవులతో విన్నాను. నాకు ప్రాణం లేచొచ్చింది. పరుగున వంటింట్లోకి వెళ్లి ఆ డబ్బాలోని పిండి తీసి, ఆ పెనం పెట్టి, ఆవిడ చేస్తుండగా చూసిందంతా గుర్తు తెచ్చుకుంటూ నేనే కాల్చాను. ఒక పక్క ఎక్కువే మాడింది. కంచంలో పెట్టి తెచ్చి ఇద్దరి మధ్యా పట్టుకున్నాను.

ప్రార్థన ఎవరు చెయ్యాలి, రొట్టె ఎవరు ఎత్తాలి? బల్ల దగ్గర రొట్టె ఎత్తి విరిచేవాడే కాపరి. అది ఇద్దరికీ తెలుసు. ఇద్దరి చేతులూ కంచం దాకా వచ్చి ఆగాయి.

"నువ్వే ఎత్తు. నీ మీదే గదా నాన్న చెయ్యేసింది" అన్నాడు పెద్దబ్బాయి.

అందులో ఉన్న విషం నాకే తగిలింది, చిన్నబ్బాయికి తగలదా?

"అమ్మ ముందు కూడానా అన్నయ్యా? నేనడిగానా? నన్ను అటు కూచోమంది అమ్మే గదా."

"అదే నేనూ అంటాను. అమ్మే."

అమ్మగారు చెయ్యి చాపి పెద్దబ్బాయి మణికట్టు పట్టుకున్నారు. పట్టులో బలం లేదు.

"పెద్దోడా, నేను మర్చిపోయేన్రా. నీ మీదొట్టు. ఆ చెయ్యి పడిపోయిందని మర్చిపోయేను."

అతను కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. చాలా నెమ్మదిగా, చిన్నపిల్లాడు నిజంగా తెలియక అడిగినట్టు అడిగాడు.

"రోజూ ఆ చేతికి నూనె రాసింది నువ్వే గదమ్మా. ఎలా మర్చిపోతావు?"

దానికి జవాబు నేను వంటింట్లో విన్నాను. నేను చెప్పబోయాను, ఆయనంటే ఆవిడకి ఆ చెయ్యే అని. నా నోట ఆ మాట ఎంత పేలవంగా వచ్చిందో నాకే తెలుసు. పెద్దబ్బాయి నావైపు చూడనైనా లేదు. అమ్మగారు అతని మణికట్టు వదిలేసి గోడ వైపు తిరిగిపోయారు. కాసేపటికి ఒకడు ముందు వాకిలినుంచి, ఒకడు పెరటి వాకిలినుంచి వెళ్లిపోయారు. రొట్టె నా చేతిలో ఉంది.

బల్లలో మిగిలిన ముక్కల్ని అయ్యగారు గోదారిలో వదిలేవారు, పారెయ్యకూడదని. దీనికి ప్రార్థనే కాలేదు కాబట్టి ఇది ఉత్త రొట్టే. ఇంటికి తీసుకెళ్లి కూర్చుని తిన్నాను. దవడలు నొప్పి పుట్టాయి.

ఆవిడ ఆ వారం దాటలేదు. ఆఖరి సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. పెదాలు కదులుతుంటే చెవి పెట్టి విన్నాను. నిలదీయడం లేదు, దబాయించడం లేదు. "పలుకు, పలుకు" అని బతిమాలుతున్నారు. అన్నేళ్లలో ఆవిడ దేవుణ్ణి బతిమాలగా నేనెప్పుడూ వినలేదు. నాకు భయమేసింది.

రెండు సంఘాలూ రేకుల మందిరానికి వచ్చాయి. మైకులూ రెండు వచ్చాయి. ఏ పాట ముందు, ఎవరి ప్రసంగం ముందు అన్నది పెద్దలు మధ్యాహ్నమంతా కూర్చుని తేల్చారు. ఆ బ్రాందీ షాపాయన కూడా వచ్చి గేటు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముసలాడైపోయాడు. రాత్రంతా ఐసు పెట్టెలో ఉంచిన మనిషిని శవపేటికలోకి మార్చారు. తెల్లచీర, గుండెమీద రెండు చేతులు, ఎడమచేతి మీద కుడిచెయ్యి. పెద్దబ్బాయి కుడివైపు నిలబడ్డాడు. చిన్నబ్బాయి ఎడమవైపు. ఈసారి ఎవరూ నిలబెట్టలేదు, అలవాటు కొద్దీ వాళ్లే నిలబడ్డారు.

ప్రార్థనలయ్యాయి. మూత పట్టుకొచ్చారు. అప్పుడు పెద్దబ్బాయి ఉన్నట్టుండి మోకాళ్లమీద పడ్డాడు. పేటిక అంచు పట్టుకుని, తల లోపలికి వంచి, అమ్మ చేతి దగ్గర పెట్టాడు. ఏమీ అనలేదు. యాభై దాటిన మనిషి, అదే మెడ, ఆ రోజు వంచినట్టే వంచి ఎదురుచూస్తున్నాడు. ఆ చెయ్యి లేవదని అందరికీ తెలుసు, అయినా అందరం దానివైపే చూస్తున్నాం.

చిన్నబ్బాయి కదిలాడు. అటువైపు నుంచి వంగి, అమ్మ కుడిచేతిని తన రెండు చేతులతో పట్టుకున్నాడు. పైకి ఎత్తి అన్న తలమీద పెట్టబోయాడు. ఐసులో బిగుసుకుపోయిన చెయ్యి రాలేదు. మళ్లీ పట్టాడు. మోచెయ్యి దగ్గర పట్టి లాగాడు. పేటిక కదిలింది గాని చెయ్యి కదల్లేదు.

పెద్దబ్బాయి తల ఎత్తకుండానే అన్నాడు.

"వదిలెయ్యిరా. అమ్మకి నొప్పెడతాది."

వాడు వదిలేశాడు. మూత వేశారు. ఇద్దరూ ఏడ్చారు, ఎవరి వైపు వాళ్లు నిలబడి.